వంతులు వద్దన్న పెద్దాయన

మంగళవారం పొద్దున మా చర్చి వాట్సాప్ గ్రూప్‌లో కబురు వచ్చింది, లెక్చరర్ అంకుల్ ప్రభువునందు నిద్రించారని. దాని కిందే ఇంకొకరి మెసేజ్: భూస్థాపన తర్వాత భోజనాలు ఎవరి వంతు అని. అమెరికాలో మేముండే ఈ నోవై ఊళ్లో వాకిట్లో మంచు ఎత్తి ఎత్తి అలసిన చేతులతో ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆయన గుంటూరు వైపు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై, ఇక్కడ కూతురింట్లో ఉండేవారు. వెయ్యేళ్ల కిందటి చైనా మంత్రి ఒకాయన జీవితాన్ని తెలుగులో రాసేవారు. చర్చికి ఆయన్నీ ఆంటీనీ నా కార్‌లో తీసుకెళ్లేదాన్ని. దారంతా ఆ మంత్రి కబుర్లే. పరీక్షలు రాసి పైకొచ్చాడట. ఒంటిమీద బట్ట మాసిందో లేదో పట్టదట. చేతికి దగ్గరున్న గిన్నెలోదే తిని లేచిపోయేవాడట.

"ఆ మాత్రానికి చైనా దాకా ఎందుకు, మీరు లేరూ?" అనేది వెనక సీట్లోంచి ఆంటీ.

అప్పట్లో ఆ దేశంలో ప్రతి ఇల్లూ వంతులవారీగా సర్కారుకి ఊరికే చాకిరీ చేయాలి. ఉన్నవాళ్లు తప్పించుకునేవారు, లేనివాళ్లు నలిగేవారు. మంత్రి ఆ వంతులు తీసేసి, తాహతు కొద్దీ అందరూ డబ్బు కడితే కూలికి మనుషుల్ని పెడదామన్నాడు.

ఒక ఆదివారం అంకుల్ చర్చి కిచెన్‌లోకి తొంగిచూశారు. "పోయిన వారం కూడా నువ్వే కదమ్మా అంట్లు తోమింది? వంతు మారదా?"

"మారుతుంది అంకుల్. వీసా మీద కొత్తగా వచ్చినవాళ్లలోనే మారుతుంది."

ఆయన నవ్వలేదు. తర్వాతి మీటింగ్‌లో లేచి, "అందరూ చేస్తే సేవ, కొందరిచేతే చేయిస్తే వెట్టి" అన్నారు. తలా కొంత డబ్బు వేసుకున్నారు. అంట్లకు కూలి మనుషులొచ్చారు. కొన్ని నెలలపాటు నేనూ అందరితో కూర్చుని వేడివేడిగా తిన్నాను. ఆదివారం సెలవని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత కొత్త కమిటీ వచ్చింది. సిస్టర్స్‌లో సేవాభావం తగ్గిపోతోందని ఆ కమిటీలో ఒక పెద్దాయన బాధపడ్డారు. ఆయన జన్మలో గిన్నె తోమి ఎరగరు. వంతులు మళ్లీ వచ్చాయి.

అప్పటికి అంకుల్ మంచం మీదున్నారు. వెళ్లి సంగతి చెప్పాను.

"మంత్రి దిగిపోయాక ఆయన చట్టాలన్నీ ఒక్కొక్కటే ఎత్తేశారమ్మా. దేనికీ ఏమీ అనలేదు. వంతుల సంగతి విన్నప్పుడు మాత్రం, 'ఇది కూడానా?' అన్నాడట."

"తర్వాత?"

"ఎంతోకాలం బతకలేదు. నువ్వు మళ్లీ అడుగమ్మా. నాకు ఇక ఓపిక లేదు."

నాకు మాత్రం ఎక్కడుంది?

భూస్థాపన అయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో బిర్యానీ పెట్టారు. సింక్ దగ్గర ఈమధ్యే వచ్చిన అమ్మాయి ఒక్కతే ఉంది. ఆంటీ కుర్చీలోంచి లేచి, తెల్లచీర కొంగు దోపుకుని ఆ పిల్ల పక్కన నిలబడి పెద్ద డేగిసా అందుకుంది. కమిటీ పెద్దాయన ప్లేటుతోనే పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో, ఇవాళ మీరేంటమ్మా? కూర్చోండి."

"ఈ పూట ఎవరి వంతో చెప్పండి బ్రదర్. వాళ్లొస్తే కూర్చుంటాను."

ఆయన హాలంతా చూశారు. ప్లేటుతోనే వెనక్కి తిరిగారు. ఆంటీ గాజుల్లేని చేతులు నురగలో మునిగే ఉన్నాయి.