బస్సు అద్దం మీద బోర్డు

లాక్‌డౌన్ తర్వాత సిటీ బస్సులు మళ్లీ మొదలైన కొత్తలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకాయన ఎక్కి నా ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కోచింగ్ సెంటర్ ఐడీ కార్డు. సెంటర్ మూతపడి నెలలవుతోందని ఆయనే చెప్పాడు. లెక్కల సారట. రోజూ వచ్చి మూసిన షట్టర్ చూసి పోతాడట.

"రోగం లేదు, ఏం లేదు సార్. గిదంతా ఆన్‌లైన్ క్లాసులోళ్ల పని" అంటూ దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో గుండ్రాలు గీశాడు. ఒకటి ఫోన్ల కంపెనీ, ఒకటి మందుల కంపెనీ, ఒకటి ఆన్‌లైన్ క్లాసులు. వాటి మధ్య బాణాలు వేస్తూ, ఒక్కో బాణం దగ్గర ఆగి "సమజైందా?" అని అడిగాడు.

మా బాబాయి ఆ రోగంతోనే పోయాడు. అయినా "అయ్యింది సార్" అన్నాను. మా ఆఫీసులో నన్ను వచ్చే నెల నుంచి రావద్దన్నారు. రోగం అబద్ధమైతే ఏదో ఒకరోజు బయటపడుతుంది, షట్టర్లన్నీ లేస్తాయి. ఆ రోజు నాకూ కావాలి.

ఎల్‌బీ నగర్ రాగానే ఆయన లేచి, అరచేత్తో అద్దమంతా తుడిచేశాడు.

"తర్వాత వచ్చే సారుకు బోర్డు సాఫ్‌గ ఇయ్యాలె గదా."

అన్నాక తనే ఒక్క క్షణం ఆగి, దుమ్మంటిన చెయ్యి చూసుకుని దిగిపోయాడు.

ఇప్పుడు నాకు వేరే ఉద్యోగం ఉంది. సాయంత్రం మెట్రోలో వస్తుంటే మేడల మీద క్లాసులు కనిపిస్తాయి. ఎవరైనా బోర్డు తుడుస్తుంటే ఆ లెక్కల సారేమోనని లేచి నిలబడి చూస్తాను. ఆయన ఇటు తిరిగేలోపే రైలు దాటిపోతుంది.