నాయకుడి వేషానికి జొన్నలు

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామ వీధుల్లో గొంతు చించుకుని అరిచినవాణ్ని నేను. పదేళ్లు గడిచేసరికి నమ్మకం పోయి వెటకారం మిగిలింది. అప్పటికి కురవి దగ్గర ఒక తండాలో బడిపంతులుగా ఉన్నాను. ఆ వెటకారమే పెద్ద ఆయుధమని మురిసిపోయేవాణ్ని.

తండా మొత్తానికి ఒకటే దిగుడుబావి. మోకాళ్ల దాకా దిగి ముంచుకున్న నీళ్లే తాగాలి. ఆ నీళ్లతో నారికురుపు వచ్చేది. కాలు వాచి, పుండు పగిలి, తెల్లదారం లాంటి పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్త లాగాలి. మధ్యలో తెగితే లోపలే చీము పట్టి కాలు పనికిరాకుండా పోతుంది. మా బడిలో చదివే ఏడేళ్ల పిల్ల ఒకతి అలాగే కాలికి పుల్ల కట్టుకుని నెలరోజులుగా మంచంలో ఉంది. అమ్మానాన్నలు కూలికి వలసపోతే నాయనమ్మే సాకుతోంది. బోరు పడితే ఈ పీడ వదులుతుందని దవాఖానలో చెప్పారట. ఆ ముసలమ్మ నేను కనబడితే చాలు, "బోరు బండి ఎప్పుడొస్తది సారూ?" అని అడిగేది.

ఎలక్షన్లప్పుడు జీపులోంచి దిగకుండానే బోరు వేయిస్తానని మాటిచ్చిన నాయకుడు మళ్లీ మొహం చూపించలేదు. నేను రాసిన అర్జీలు ఏ పొయ్యిలోకి పోయాయో తెలియదు.

ఆ ఎండాకాలం పగటివేషాల అతను వచ్చాడు. వారం పాటు రోజుకో వేషం కట్టి ఇల్లిల్లూ తిరుగుతాడు. వేషం నచ్చినవాళ్లు చాటలో గింజలు తెచ్చి అతని కండువాలో పోస్తారు.

"ఈసారి నాయకుడి వేషం కట్టన్నా, మాటలు నేను రాసిస్తా" అన్నాను. నా కడుపుమంటంతా అందులో పోశాను.

మొహానికి రంగు, తెల్లబట్టలు, నల్లద్దాలతో అతను బావి దగ్గరికి వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని "ఆహా, అమృతం!" అన్నాడు. బావి పక్కనే గుడిసె ముందు మంచంలో ఉన్న పిల్లను ఎత్తుకుంటున్నట్టు వంగి, రేకుడబ్బాతో చేసిన ఉత్తుత్తి కెమెరా వైపు పళ్లికిలించి, చేతులు తుడుచుకున్నాడు. "మీ బాధంత నా గుండెల్ల ఉన్నది" అన్నాడు. తండా అంతా కడుపుబ్బ నవ్వింది. పిల్ల కూడా నవ్వింది. నేనైతే ఏదో గెలిచేసినట్టు మీసం దువ్వుకున్నాను.

రెండు రోజులకు అసలు నాయకుడే వచ్చాడు. ఈసారి నిజంగానే బోరు బండి కూడా వెంట వచ్చింది. వాగు దగ్గర దారి బాగా లేక బండి, జీపు అక్కడే ఆగిపోయాయి. ఆయన నలుగురితో కలిసి నడిచి వచ్చాడు. తెల్లబట్టలు, నల్లద్దాలు.

బడిలో ఉన్న నేను నవ్వులు విని పరుగెత్తాను. నేను వెళ్లేసరికి ఆయన ముక్కుకు రుమాలు పెట్టుకుని బావిలోకి తొంగి చూస్తున్నాడు. తర్వాత పిల్లను మంచంలోంచి నిజంగానే ఎత్తుకున్నాడు. ఫోటో తీయగానే దించేసి చేతులు తుడుచుకున్నాడు. "మీ బాధ నా గుండెల్లో ఉంది" అన్నాడు. తండా పడీపడీ నవ్వింది. పిల్ల కెవ్వుమంటే అదీ ఆటలో భాగమే అనుకున్నారు. ముసలమ్మ లోపలికెళ్లి చాటెడు జొన్నలు తెచ్చి ఆయన కండువాలో పోసింది.

"మొన్నటికన్న ఇయ్యాల మంచిగ కట్టినవ్ బిడ్డా! నవ్వలేక సచ్చిపోయినం" అంది.

ఆయన జొన్నలు విసిరికొట్టాడు. "ఎవడ్రా వీళ్లకు గిది నేర్పింది?" అని అరిచాడు. నేను జనం వెనక్కి జరిగాను. ఆ తప్పు నాదేనని ఒప్పుకుని కాళ్లు పట్టుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కాళ్లు పట్టుకోలేదన్నది మాత్రం తెలుసు. బోరు బండి వాగు దగ్గర్నుంచే తిరిగి వెళ్లిపోయింది.

ఆయన దించినప్పుడే పురుగు తెగిపోయిందని సాయంత్రం చూసుకున్నాం. చీము పట్టి పిల్ల కాలు మోకాలి దగ్గర వంగి అలాగే బిగుసుకుపోయింది. మేం వెక్కిరించినవాడు అచ్చం మేం వెక్కిరించినట్టే ఉన్నాడని తేలింది. తేలితే ఏం ఒరిగింది? ఆ రోజు నేను రాసిన ఒక్కో మాటా తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరుసటి ఏడు వేషాల అతను మళ్లీ వచ్చాడు. ముసలమ్మ గడపలో కూచుని ఉంది. పిల్ల కర్ర ఆనించుకుని ఆమె వెనక నిలబడింది. ఈసారి ఏ వేషం కట్టమంటావని అతను ముసలమ్మను అడిగాడు.

"నాయకుని యేషం వద్దు బిడ్డా. బోరు బండి డ్రైవర్ యేషం కట్టు. జరసేపన్న మాకు బోరొచ్చిందనుకుంటం."

మాటలు రాసిస్తానేమోనని అతను నా వైపు చూశాడు. మాటలు ఆమెనే అడగమన్నాను.