బుట్టకోటు

1949లో సూర్యాపేట బజారులో నాది చిన్న దర్జీ దుకాణం. ఎవరైనా జిగేలుమనే సూటు వేసుకుని కనబడితే ఇక్కడివాళ్లు ఇప్పటికీ "బుట్టకోటు వస్తుంది సూడు" అని నవ్వుతారు. ఆ మాట పుట్టింది నా దుకాణంలోనే. నాకు మాత్రం నవ్వు రాదు.

చిలుకూరు నుంచి యేసోబు వచ్చాడు. బొంబాయి రేవులో బస్తాలు మోసి వచ్చిన పిల్లగాడు. అక్కడి షోకు కుర్రాళ్ల కోటు కావాలన్నాడు. మెరిసే పచ్చగుడ్డ, మోకాళ్ల దాకా పొడవు, భుజాలకు మందంగా ప్యాడింగ్. ప్యాడింగ్ అంటే భుజం ఎత్తుగా నిలబడటానికి లోపల కుట్టే దూది దిండు.

"ఇంత దూది పెడితే మనిషివి ఏడ కనబడ్తవురా?" అన్నాను.

"మా నాయన దొరను సూస్తె భుజం మీది తువ్వాల తీసి సంకల పెట్టుకునేటోడన్నా. క్రిస్మస్ నాడు నేను ఆ దొర గడీ ముందట నుంచే చర్చికి పోత. నా భుజాలు కనబడాలె."

ట్రయల్ రోజున, అంటే పైపై కుట్లతో తొడిగి చూసే రోజున, అతను అద్దం ముందు నుంచి కదల్లేదు. పక్క దుకాణం పాన్‌వాలా "అవి భుజాలా, బుట్టలా?" అన్నాడు. బజారంతా అదే పేరు ఖాయం చేసింది. యేసోబు కూడా పడీపడీ నవ్వాడు.

కోటు తయారయ్యేలోపే జ్వరం పట్టి ఇక్కడి దవాఖానలో చేరాడు. ఒక పొద్దున వాళ్లమ్మ మరియమ్మ ఒక్కతే నా దుకాణానికి వచ్చింది.

"పానం పోయిందయ్యా. కోటు కుట్టియ్యి. అదేసే పూడ్సిపెడ్త."

కళ్లు మసకబారుతుంటే గుండీలు కుట్టాను. దవాఖాన దగ్గర శవానికి కోటు తొడిగాక, పేటికలో భుజాలు పట్టలేదు. "దూది తీసెయ్యన్నా, ఇగ ఎవలు సూస్తరు?" అన్నాడు వడ్రంగి. నేను కత్తెర తీశాను. మరియమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు. పెట్టెనే పెద్దగ చెయ్యమను."

వడ్రంగి పలకలు ఊడదీశాడు.

బండి వెంట నేనూ చిలుకూరు వెళ్లాను. గడీ దాటేదాకా మూత పెట్టనివ్వలేదా తల్లి. అరుగు మీద ఉన్నవాళ్లంతా చూశారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆ తరువాత ఎవరు ఎంత షోకు కోరినా ఎందుకని అడగలేదు. భుజాలకు దూది ఎక్కువ పెట్టమంటే, కోరినంతా పెట్టి కుట్టాను.