ఉండాది

బెంగుళూరు బళేపేటలో మాకు గాజుల అంగడి ఉండేది. ఇంట్లోనూ అంగట్లోనూ మాట్లాడేది పాత బెంగుళూరు తెలుగు, సగం సీమ మాట, కొంత కన్నడం. పెళ్లయిన కొత్తలో గుంటూరులో అత్తవారింట "అత్తా, పాలు పొయ్యిమీద ఉండాయి" అన్నాను. హాల్లో కూర్చున్న చుట్టాలంతా పడీపడీ నవ్వారు. మా ఆయన వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "ఉండాయి కాదు, ఉన్నాయి. ఉండాది కాదు, ఉంది. నలుగురిలో నా పరువు తీయకు."

మార్చుకున్నాను. మార్చుకోకపోతే రోజూ పాఠమే మరి. ఆయన ఉద్యోగం కోసం బెంగుళూరుకి తిరిగొచ్చాక పుట్టింటివాళ్లతో ఫోన్లో కూడా ఆ గుంటూరు మాటే. "ఏమ్మా, టీవీలో మాదిరి మాట్లాడతా ఉండావే" అని మా అమ్మ నవ్వేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

పోయినేడు ఒక ఆదివారం ఆయన సరిహద్దు దాటి తమిళనాడులో ఉన్న హోసూరుకి ప్రయాణం కట్టాడు. అక్కడి తెలుగువాళ్లు పాటలూ కథలతో చిన్న సభ పెడుతున్నారని ఆఫీసులో ఎవరో చెప్పారట. "కల్చర్ అంటే అదీ!" అన్నాడు. దారిలో బొమ్మసంద్ర, చందాపుర ట్రాఫిక్ దాటేసరికే నడుము పట్టేసింది. హోసూరులో ఫ్యాక్టరీలకు సెలవేమో, రోడ్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

ఒక బడి హాల్లో ముసలావిడ కథ చెబుతోంది. "నక్క బావిలో పడి ఉండాది. మేక గట్టుమీద నిలబడి ఉండాది." మా అవ్వ చెప్పిన కథే, అచ్చం ఆ మాటలే. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పక్కన మా ఆయన వీడియో తీస్తున్నాడు. "అబ్బ, ఎంత తియ్యగా ఉందో విను! ఇలాంటి యాసను బతికించుకోవాలి." పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఈయన ఇంట్లో కూరను పారబోయించి మరీ వచ్చి లొట్టలేస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది.

సభ అయ్యాక నన్ను ఆవిడ ముందు నిలబెట్టి ఫోన్ ఎత్తాడు. "మీ యాసే కదా, మాట్లాడు. ఇద్దర్నీ తీస్తాను."

మాట్లాడాలని నాకూ ఉంది, ఆయన వీడియో కోసం కాదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, మా అవ్వ కూడా ఈ కథే చెప్పేది. నాకింకా గుర్తుంది."

గుర్తుండాది అనాలి. నోరు తిరగలేదు.

"ఏ ఊరమ్మా నీది? విజయవాడ పక్కనా?"

"కాదవ్వా, బళేపేట. పుట్టింది అక్కడే."

ఆవిడ నమ్మలేదు. "ఆడ మావోళ్లు శానామంది ఉండారు. వాళ్లంతా మా మాదిరే మాట్లాడేది గదమ్మా" అని మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

మా ఆయన ఫోన్ దించనైనా లేదు. "సరిగ్గా రాలేదు, మళ్లీ తీద్దాం. ఈసారి 'ఉండాది' అను" అన్నాడు.