అల్మారాలో ఆరు యుకులేలేలు

నా చిన్నప్పుడు, గద్వాల దగ్గరి ఆడపిల్లల హాస్టల్లో ఆరో తరగతి చదివేటప్పుడు, ఒక్కసారైనా చేత్తో ముట్టని వాద్యం గురించి ఇరవై నిర్వచనాలు కంఠస్థం చేశాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అమ్మానాన్నలు మేస్త్రీ పనులకు పుణె పోయేవారు కాబట్టి నేను హాస్టల్లో ఉండేదాన్ని. ఆ ఏడు హైదరాబాద్ నుంచి ఎవరో దాతలు మాకు ఆరు యుకులేలేలు పంపారు. చూడటానికి చిన్న గిటార్ లాగే ఉంటుంది, తీగలు నాలుగే, పదేళ్ల పిల్ల చంకలో ఇమిడిపోతుంది. వచ్చిన రోజే మా సంగీతం సార్ వాటిని అద్దాల అల్మారాలో పెట్టి తాళం వేశారు. పిల్లల చేతికిస్తే పాడైపోతాయట. మాకు మాత్రం నోట్సు చెప్పారు. మెడ మీద అడ్డంగా ఉండు లోహపు పట్టీని ఫ్రెట్ అందురు. మూడు లేక అంతకన్న ఎక్కువ స్వరములను ఒకేసారి పలికించుటను కార్డ్ అందురు. తీగలన్నిటినీ ఒక్క ఊపున మీటుటను స్ట్రమ్ అందురు. ఒక్క మాట తప్పితే అరచేయి చాపాలి. ఎవరితోనూ మాట్లాడని నేను అప్పజెప్పడంలో మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

హాస్టల్ ఊడ్చే ఆయమ్మ శనివారం శనివారం ఆ అల్మారా తుడిచేది. ఆమెకు చదువు రాదు, కానీ వాళ్ల ఊరి చెక్కభజనలో పాడేది. ఒకసారి నేను అద్దానికి ముఖం ఆనించి నిలబడి ఉండటం చూసి, నేరుగా సార్ దగ్గరికి పోయింది. "ఒక్కొక్కటి తుడిచేటాళ్లకు నా నడుం ఇరుగుతుంది సార్. గీ పిల్లను జర తోడియ్యుండ్రి" అంది. తీగలు ముట్టొద్దని చెప్పి, తాళంచెవి ఇచ్చి, సార్ భోజనానికి వెళ్లారు. ఆయమ్మ తలుపు దగ్గరికి వేసి ఒక యుకులేలే నా ఒళ్లో పెట్టింది.

"తుడువు మల్ల. తుడుస్తుంటే సప్పుడొస్తే గది నీ తప్పా?"

మీటాను. నెలల తరబడి అల్మారాలో ఉండి తీగలు వదులైపోయాయి. ఆయమ్మ ముఖం చిట్లించి, "గిదేంది, జెరమొచ్చిన పిల్లి లెక్క మూల్గుతుంది. నీ పుస్తకంల దీనికి మందేం రాసిండ్రు, సదువు" అంది. పై నుంచి మూడో తీగను, ఫ్రెట్ల మధ్య ఉండే గడుల్లో అయిదో దాంట్లో నొక్కితే అడుగు తీగ స్వరమే పలకాలి అని చదివాను. నేను మెడ చివర తీగ బిగించే మర తిప్పుతుంటే ఆమె కళ్లు మూసుకుని వింది. "ఇంక ఎక్కలే. ఇంక జర. ఆఁ, కూసున్నది." ఆ పూటంతా అలాగే గడిచింది. చివరికి అడుగు తీగ మూడో గడిలో ఒక్క వేలు పెట్టి నాలుగు తీగలూ మీటాను. సి కార్డ్. దానికి ఒక్క వేలు చాలు. అంత చిన్న పని కోసం మూడు నెలలు మా అరచేతులు వాచాయి.

తర్వాతి శనివారాలన్నీ దుమ్ము దులపడమే. నాకు మూడు కార్డులు వచ్చేశాయి.

ఏడాది చివర దాతల తరఫున ఒక మేడమ్ వచ్చారు. ఇరవై నిర్వచనాలూ నేనే చెప్పాను. ఆమె నవ్వి, ఎవరైనా ఏదైనా వాయిస్తారా అని అడిగారు. "ఇంకా థియరీలోనే ఉన్నారు మేడమ్" అన్నారు సార్. మేడమ్ మా వైపు తిరిగి, ఎవరికీ రాదా అన్నారు. ముందు వరసలో కూర్చున్న నేను తల దించుకున్నాను.

తలుపు దగ్గర టీ కప్పుల పళ్లెంతో నిలబడ్డ ఆయమ్మ అంది: "గా ముందర పిల్లకు వస్తది మేడం. అల్మారి తుడుస్తమని అబద్ధం జెప్పి నేనే ఇచ్చిన."

వాయించాను. మూడు కార్డుల్లో ఒక్కటీ తప్పలేదు. సార్ నా భుజం మీద చేయి వేసి ఫొటో దిగారు, తానే నేర్పినట్టు. మేడమ్ గట్టిగా చెప్పి వెళ్లడంతో అల్మారా తాళం తీశారు. వంతులవారీగా పిల్లలందరి చేతికీ వాద్యాలు అందాయి. ఆయమ్మను మాత్రం ఆ వారమే మరుగుదొడ్లు కడిగే పనికి మార్చారు. ఎందుకని ఒక్క పెద్దమనిషీ అడగలేదు.

నేను ఏడుస్తూ ఆమె దగ్గరికి పోయాను. నీ సంగతి బయటపడుతుందనే చెప్పలేదు ఆయమ్మా అన్నాను. ఆమె చీపురు ఆపి నన్ను చూసింది.

"నా పని సంగతి నేను చూస్కుంట బిడ్డా. నీ నోటి సంగతి నువ్వు చూస్కో."

ఆమె కోసం కాదు, భయపడి ఊరుకున్నానని ఇద్దరికీ తెలుసు. సార్ మీద కోపం పోలేదు, పోనివ్వను కూడా. కానీ ఆ కోపంలో పెద్ద వాటా నా మీదే. ఇప్పుడు నేను వనపర్తిలో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ జంకుతాను. జరిగిన అన్యాయాన్ని డైరీలో రాసుకుని ఊరుకుందామనిపిస్తుంది. అలా అనిపించిన ప్రతిసారీ డైరీ మూసేసి, లేచి నిలబడి, అడగాల్సింది అడిగేస్తాను.