జానెడు రాళ్లు

వాటర్‌షెడ్ పథకంలో కట్టిన చెరువు కట్టలను ఏడాదికొకసారి తనిఖీ చేసి, బాగున్నాయో లేదో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఇంతకంటే హాయైన కొలువు ఇంకొకటి లేదని చాలా ఏళ్లు నమ్మాను. నీళ్లుంటే కదా కట్టకు ప్రమాదం? మా వైపు వాన, పెళ్లిపత్రిక ఇచ్చినా రాని మేనమామ లాంటిది. నేను చూసే కట్టల వెనక నీళ్లకు బదులు తుమ్మచెట్లు, వాటి నీడన నిద్రపోయే మేకలు ఉండేవి. నేను రెండు బస్తాల వడ్లంత మనిషిని. సారు ఒకసారి నడిస్తే కట్టకు రోడ్డు రోలరు అక్కర్లేదని మా డ్రైవరు ఊరూరా చెప్పేవాడు. ఫారంలో వెయ్యి గడులుంటాయి. నిజానికి ఇరవయ్యో ఎన్నో గానీ ఎండలో నిలబడి నింపేవాడికి అవి వెయ్యి. అన్నిటిలోనూ కన్నడంలో ‘తృప్తికర’ అని రాసి జీపెక్కేవాణ్ణి.

తిరుమణి దాటినాక, సోలారు ప్లేట్ల మధ్యన మిగిలిపోయిన ఒక కట్ట ఉంది. దాని కింద ఒకే ఒక ఇల్లు, ఒక ముసలావిడ, ఒక గొర్రెల దొడ్డి, మూడెకరాల చేను. చుట్టూ అందరూ భూములు సోలారుకు లీజుకిచ్చినా ఆమె ఇవ్వలేదు. చెరువులో నీళ్లుంటే ఆమె బోరు పోస్తుంది. బోరు పోస్తే వేసవిలోనూ వేరుశనగ పండుతుంది.

ఒక వేసవిలో పోయినప్పుడు మరవ మీద రాళ్లు పేర్చి కనిపించాయి. మరవ అంటే, చెరువు నిండినాక మిగిలిన నీళ్లు పొర్లిపోవడానికి కట్ట చివర వదిలిన పొట్టి గోడ. మా వైపు మరవ పారిందంటే ఊరంతా చూడ్డానికి పోతుంది. కళ్లారా చూసి, అయ్యో ఇన్ని నీళ్లు పోతున్నాయే అని దిగులు పెట్టుకుని ఇంటికొస్తుంది. ఆ దిగులుతోనే ఎవరో ఒకరు గోడ మీద రాళ్లు పేర్చి మట్టి మెత్తుతారు. నీళ్లు దారి దొరక్క పైకెక్కితే కట్ట తెగుతుంది, కనిపించిన వెంటనే పీకించాలి అని మా రూలు.

పేర్చింది ఎవరని అడిగాను. నేనేనని ముసలావిడ దాచకుండా చెప్పింది.

“జానెడే కదప్పా ఇంజినీరూ. ఆ జానెడు నీళ్లు నాకు ఒక నెల బతుకు.”

అది జానెడు కాదు, మోకాలెత్తు. దోమకాటును తేలుకాటని చెప్పే నోరు నాది. కానీ నేను పుట్టింది అరసికెరె దగ్గర, సైకిలుకు ఆరు బిందెలు కట్టుకుని నీళ్లు మోస్తూ పెరిగాను. బతుకంతా అన్నీ పెంచి చెప్పిన మనిషిని, ఆ ఒక్కటే తగ్గించాను. ఆమె పెట్టిన రాగిసంకటి తిని, ‘మరవ: తృప్తికర’ అని రాసి వచ్చేశాను.

ఆ ఏడు మేనమామ వచ్చాడు. వచ్చి పోనంటాడు. సోలారు ప్లేట్ల మీద పడిన వాన క్షణం నిలవకుండా జారి, చెరువులోకి దూకింది. ఒక పొద్దున ముసలావిడ ఫోను చేసింది. కట్ట అడుగున కొత్తగా ఊట పుట్టిందనీ, అందులో ఉతికిన తెల్ల తువ్వాలు ఎర్రగా మారిందనీ చెప్పింది.

టీ గ్లాసు కింద పెట్టి జీపెక్కాను. తేట నీళ్లు ఊరితే భయం లేదు. ఎర్రటి నీళ్లు వస్తున్నాయంటే కట్ట లోపలి మన్ను కరిగిపోతున్నట్టు.

నేను పోయేసరికి నీళ్లు కట్ట అంచుకు రెండు మూరల దిగువన ఉన్నాయి. ఊరివాళ్లు పది మంది కట్ట మీద గంగమ్మకు టెంకాయలు కొడుతున్నారు. నేను స్టీలు గ్లాసుతో ఊటనీళ్లు పట్టి గట్టు మీద పెట్టి కూర్చున్నాను. నీళ్లు తేరుకున్నాక అడుగున గోరు మందాన ఎర్రమన్ను పేరుకుంది. మరవ మీది రాళ్లు పీకాలన్నాను. ఎవరూ కదల్లేదు. ఎన్నేళ్లకు నిండిన చెరువు, ఎవరికి చేతులొస్తాయి?

“ఇవేమన్నా మీ ఆఫీసు కుళాయి నీళ్లా సారూ,” అన్నాడు టెంకాయ పట్టుకున్న పెద్దమనిషి. “ఎండాకాలం చూసి అంతా బాగుండాదని రాసుకోని పోయినావు. ఇప్పుడేంది?”

ముసలావిడ గ్లాసులోకి చూస్తూ నిలబడింది. కట్ట తెగితే ముందు పోయేది ఆమె ఇల్లు. నీళ్లు పోతే ఎండేది ఆమె చేను.

“నీ ఇల్లే ఈడుంటే ఏం చేస్తావప్పా?”

“గొర్రెల్ని తోలేసి, వచ్చి రాళ్లు పీకుతానక్కా.”

గొర్రెల్ని గుట్టెక్కించి వచ్చి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, అంచున మొదటి రాయి ఆమే పీకింది. తర్వాత నేను, డ్రైవరు, ఆఖరికి టెంకాయ పెద్దమనిషి. నీళ్లు మూడు రోజులు పారి ఆంధ్రా వైపు వంకలోకి పోయాయి. చెరువు మోకాలెత్తు దిగింది. ఊట తేటపడి నిలిచింది. కట్ట తెగలేదు.

శివరాత్రి దాటకముందే బోరు ఆగిపోయింది. పూత మీదున్న వేరుశనగ నిలువునా మాడింది.

మళ్లీ తనిఖీకి పోయినప్పుడు ముసలావిడ గడప మీద కూర్చుని ఉంది.

“ఆ పొద్దు నిజంగా తెగేదేనా?” అని అడిగింది.

తెగి ఏడూళ్లు కొట్టుకుపోయేవని చెప్పే నోరు నాది. తెలియదక్కా అన్నాను.

మరవ దగ్గరికి పోతే మళ్లీ రాళ్లు. చెయ్యి చాచి కొలిచాను. ఈసారి నిజంగానే జానెడు. ఫారంలో ఆ గడిలో ‘జానెడు రాళ్లు’ అని ఉన్నదున్నట్టు రాసి, పీకడం మొదలుపెట్టాను. ఒక్కొక్క రాయి ఏనుగు బరువుంది. వెనక్కి తిరిగినప్పుడల్లా ఆమె అక్కడే కూర్చుని చూస్తోంది. వద్దనలేదు. పని ముగించి జీపు దగ్గరికి పోతుంటే, సంకటి తిని పొమ్మని కూడా అనలేదు.