మూడుసార్లు అడిగిన పాపం

ఏడు డచ్ కంపెనీలను, వాటి వెనకున్న ఒక ప్రభుత్వాన్ని, నా వీసాను ఒకే ఉదయం నట్టేట ముంచబోయిన మనిషిని నేను. ఇందులో ఎవరి కుట్రా లేదు, అంతా మా కాకినాడ మర్యాద చలవే. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మాస్టర్స్ అయ్యాక ఇంగ్లండ్‌లోనే, స్విండన్ అనే ఊళ్లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. బయటి దేశాల కంపెనీలకు ఇక్కడ మీటింగులు కుదిర్చిపెట్టడం మా పని. ఒకరకంగా పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగమే. మా బాస్ హెలెన్ నెమ్మదైన మనిషి. "ఈ డచ్ వాళ్ల పని చక్కగా జరిగితే నీ వీసా స్పాన్సర్‌షిప్ సంగతి చూద్దాం" అంది. నా వీసాకి మిగిలింది నాలుగు నెలలు. ఆ లెక్కన డచ్ వాళ్లు నా పాలిట దేవుళ్లు.

ఏడూ చిన్న కంపెనీలే, అందరిదీ వరద నీళ్ల పని. ఒకరు పంపులు చేస్తారు, ఒకరు నది మట్టం కొలిచే పరికరాలు చేస్తారు, ఇంకొకరు గట్లు కడతారు. ఎవరికీ ఒంటరిగా పరాయి దేశంలో తలుపు తట్టే స్తోమత లేదు. అందుకని వాళ్ల ప్రభుత్వం, "జట్టుగా వెళ్లండి, ఖర్చులో కొంత మేం పెట్టుకుంటాం, ఎంబసీ మనిషిని తోడు పంపుతాం" అంది. షరతు ఒకటే, ఎక్కడికి వెళ్లినా ఏడుగురూ కలిసే వెళ్లాలి. ఈ షరతు హెలెన్ నాకు రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తలూపాను.

నది పక్కనున్న ఒక ఊరి కౌన్సిల్‌లో, వరదల పని చూసే ఆఫీసరమ్మతో మీటింగు ఖాయమైంది. వీడియో కాల్‌లో జట్టు నాయకురాలు మరైకాని అడిగాను.

"మీ ఏడుగురికీ విడివిడిగా టైమ్ ఇప్పించమంటారా?"

"వద్దు."

అంతే. ముందో మాట లేదు, వెనకో మాట లేదు. మీరే చెప్పండి, ఇంటికొచ్చిన చుట్టాలను కాఫీ తాగుతారా అంటే ఏమంటారు? "అబ్బే, వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం" అంటారు. అది వినగానే మనం పాలు పొయ్యి మీద పెడతాం. మొదటి వద్దు మర్యాద, రెండోది మొహమాటం. మూడోసారి అడక్కపోతే ఆ చుట్టాలు ఊరంతా చెప్పుకుంటారు. అందుకని మర్నాడు మెయిల్‌లో అడిగాను. "వద్దు, థాంక్యూ" అని వచ్చింది. వారం పోయాక ఫోన్ చేసి మరీ అడిగాను.

"వద్దు. దయచేసి ఇంక అడగకండి" అంది మరైకా.

ఆ సాయంత్రం ఫ్లాట్‌లో నా రూమ్మేట్, వరంగల్ స్రవంతితో చెప్పాను.

"వద్దన్నరు కదనే, ఇంకేంది?" అంది.

"అది మొహమాటమే. ఒకళ్ల ముందు ఒకళ్లు బయటపడలేకపోతున్నారు. ఎవరికి వాళ్లకి తమ సరుకు విడిగా చూపించుకోవాలని ఉండదేంటి?"

"నీకెట్ల తెలుసు?"

"మా పెద్దత్తయ్య అచ్చం ఇలాగే అంటుంది."

స్రవంతి అన్నంలో పెరుగు కలుపుకుంది.

నేను ఆఫీసరమ్మకి రాసేశాను. అందరూ ఒకేసారి రారు, ఒక్కొక్కరికీ పావుగంట చొప్పున ఇవ్వండి అని. "చాలా ఆసక్తికరమైన ఏర్పాటు" అని జవాబొచ్చింది. బ్రిటిష్ వాళ్లు అలా అన్నారంటే 'ఇదేం వింత' అని అర్థమని అప్పటికి నాకు తెలీదు. మెచ్చుకుందనుకుని మురిసిపోయాను. డచ్ వాళ్లకి గానీ హెలెన్‌కి గానీ చెప్పలేదు, అక్కడికెళ్లాక చూసి సంతోషిస్తారని.

ఆ రోజు రానే వచ్చింది. ఏడుగురూ ఒక్క లాప్‌టాప్‌తో దిగారు. రిసెప్షన్‌లో ఎవరి టైమ్ చీటీ వాళ్ల చేతికిచ్చారు. పంపులాయన పేరు పిలిస్తే పాపం ఆయన బుద్ధిగా లోపలికి వెళ్లిపోయాడు. మరైకా చీటీ చదివి నా వైపు చూసింది.

"ఇదేంటి?"

"మీకోసమేనండీ" అన్నాను సిగ్గుపడుతూ.

"మేం వద్దన్నాం. మూడుసార్లు."

"అవునండీ. మూడోసారి మరీ గట్టిగా అన్నారు. అందుకే."

కాఫీ సంగతి, చుట్టాల సంగతి, పెద్దత్తయ్య సంగతి అంతా చెప్పుకున్నాను. మరైకా శ్రద్ధగా వింది. "మేం వద్దంటే వద్దనే. కలిసి వెళ్లలేదని తెలిస్తే మాకొచ్చే సాయం ఆగిపోతుంది" అంది. ఎంబసీ ఆయన నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. హెలెన్ కిటికీలోంచి కార్ పార్క్‌ని చూస్తూ నిలబడింది.

అంతలో తలుపు తెరుచుకుని ఆఫీసరమ్మ బయటికొచ్చింది.

"నది పొంగుతోందని మీ పంపుకి ఎలా తెలుస్తుందని అడిగితే, అది తర్వాతి వాళ్లు చెప్తారంటున్నాడీయన. ఆ నీళ్లు ఎటు పంపుతారంటే, అది అయిదో వాళ్లట. మీరందరూ ఒకేసారి లోపలికి రాకూడదా?"

రాకూడదా అన్న మాట పూర్తికాకముందే అందరూ లేచారు. పావుగంట మీటింగు రెండు గంటలు నడిచింది. వచ్చే నెల వచ్చి నది గట్టంతా చూడమని ఆఫీసరమ్మే పిలిచింది. "కలిసి ఎందుకు రావాలో ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు" అని ఎంబసీ ఆయన నాతో నవ్వకుండా అన్నాడు.

కార్ పార్క్‌లో హెలెన్ నా దగ్గరికొచ్చింది. "మొత్తానికి గట్టెక్కాం. నీ వీసా కాగితాలు మొదలుపెట్టమంటావా?"

ఇన్నాళ్లుగా ఈ మాట కోసమే బతుకుతున్నాను. నా నోరేమందో తెలుసా?

"అబ్బే, ఇప్పుడెందుకండీ, మీకు శ్రమ."

"సరే అయితే" అని హెలెన్ కారు తాళం తీసింది.

రెండోసారి అడుగుతుందని చూశాను. అడగలేదు. కారు తలుపు కూడా తెరిచింది. నాకు ఏడుపొచ్చేసింది.

వెనక నుంచి మరైకా గొంతు నింపాదిగా వినిపించింది. "హెలెన్, ఆమెని ఇంకో రెండుసార్లు అడగండి. వాళ్ల పద్ధతి అది."

హెలెన్ వెనక్కి తిరిగింది. "నిజంగానే వద్..."

"పెట్టండి" అన్నాను.

ఆ కార్ పార్క్ సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. వద్దన్నవాళ్లని ఈ జన్మలో రెండోసారి అడగను, నన్నెవరేం అడిగినా మొదటిసారే ఔనంటాను. మొన్న క్రోయిడన్‌లో స్రవంతి కొత్త ఫ్లాట్‌కి వెళ్తే, గుమ్మంలోనే "ఛాయ్ తాగుతవా?" అంది. ఒట్టు గుర్తొచ్చి "తాగుతాను" అన్నాను.

స్రవంతి నా మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

"పాలు లేవే. ఎప్పట్లెక్క వద్దంటవని అడిగిన."